స్టేజీల వరుసలో కాలేజీలు

కండక్టరమ్మకు రెండు ప్రశ్నల జబ్బు ఉంది. టికెట్టు కొట్టేటప్పుడు "ఎక్కడికి?" అని అడగడం ఉద్యోగం, దానికి ఎవరూ ఏమీ అనుకోరు. ఆ తర్వాత వచ్చే రెండే అసలు జబ్బు. పుస్తకాల సంచీతో ఎవరు కనబడినా సరే, చిల్లర ఇవ్వబోతున్న చెయ్యి గాలిలో ఆపేసి "ఎంతొచ్చింది?" అంటుంది. ప్రవేశ పరీక్షలో రెండు వందలకు ఎన్ని మార్కులు వచ్చాయని. వాళ్లు ఆ అంకె చెప్పగానే గొంతు తగ్గించి "ఎంతయింది?" అంటుంది. కాలేజీవాళ్లు పుస్తకంలో అచ్చేసిన ఫీజు కాదు, ఇంట్లోంచి నిజంగా పోయిన డబ్బు. చెప్పేదాకా చిల్లర చేతికి రాదు. ఇదేం దౌర్జన్యమని కొత్తవాళ్లు గొణుగుతారు గానీ, నెల తిరక్కుండా వాళ్లే ఫుట్‌బోర్డు మీద కాలు పెడుతూనే, "అత్తా, నిన్న ల్యాబు కోటుకని ఇంకో రెండు వేలు గుంజారు, రాసుకో!" అని అరుస్తారు.

ఆమె రాసుకుంటుంది. చెవి వెనక పెన్ను, క్యాష్ బ్యాగులో చెడిపోయిన టికెట్ల చుట్ట, ఆ చుట్ట వెనకవైపు చీమల్లాంటి అక్షరాలు. పంతొమ్మిదేళ్లుగా అదే రూటు, పదకొండేళ్లుగా అదే రాత. డిపో నుంచి ఊరి అవతలి చివరిదాకా ముప్ఫై ఒక్క స్టేజీలు, మధ్యలో తొమ్మిది కాలేజీలు. మనిషి కాస్త భారీగా ఉంటుంది, అయినా నూట పది మంది కుక్కుకున్న బస్సులో ఆ చివరి నుంచి ఈ చివరికి ఎలా వస్తుందో ఎవరికీ అంతుపట్టదు. ముందు గొంతు వస్తుంది, వెనకే మనిషి వస్తుంది.

ఈ రాత ఎందుకు మొదలైందంటే, కోపంతో. పదకొండేళ్ల కింద ఒక పెద్దమనిషి డిపో పక్కనే ఉన్న కాలేజీ దగ్గర స్కూటరు ఆపి, కొడుకును చేర్పించి, అచ్చు పుస్తకం గుండెలకు హత్తుకుని, "నలభై ఐదు వేలేనమ్మా, చవగ్గా తెమిలిపోయింది" అని డిపో గేటు దగ్గర ఈమెతో చెప్పి మురిసిపోయాడు. ఆరు నెలలయ్యాక అదే మనిషి బస్సెక్కాడు. "అయ్యా, బండేదీ?" అని అడిగింది. "ఫీజులో కలిసిపోయిందమ్మా" అన్నాడు. భవనం ఫీజు, పరీక్ష ఫీజు, పరీక్ష రాయనందుకు ఫీజు, గుర్తింపు కార్డుకు, ఆ కార్డు మెడలో వేసుకునే తాడుకు వేరే. అన్నీ కలిపితే లక్షా పద్నాలుగు వేలు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. అర్ధరూపాయి ఎక్కువ తీసుకుంటే మమ్మల్ని సస్పెండ్ చేస్తారే, వీళ్లకు చెకింగు లేదా అని ఆ రోజంతా డ్రైవరన్న చెవిలో జోరీగలా పోరింది.

డ్రైవరన్న గురించి ఒక మాట. యాభై ఎనిమిదేళ్లవాడు, రేషను ప్రకారం మాట్లాడతాడు, నలభై దాటించి బండి నడపడు. నలభై అంటే నలభై. వెనక ఇల్లు తగలబడుతున్నా అద్దంలో చూసి ఇండికేటరు వేసి మరీ పక్కకు తీస్తాడు. ఆ రోజు ఆమె మాటలన్నీ విని చివరి స్టేజీలో ఒకే ఒక్క ముక్క అన్నాడు. "రాసిపెట్టు."

అలా మొదలైంది. తర్వాత డిపోలో మిగతా కండక్టర్లకూ అంటుకుంది. అరవై మంది కండక్టర్లు, రాష్ట్రం నలుమూలలకూ పోయే రూట్లు. దూరం బస్సుల వాళ్లు తెల్లారి దిగుతూనే జేబుల్లోంచి అంకెలు తీసి రెస్ట్ రూములో బల్ల మీద పోసేవారు. ఆ గది గోడ మీద ఇప్పుడొక పట్టిక ఉంది. దాన్ని చూడాలంటే బయటి ఊళ్ల నుంచి తల్లిదండ్రులు వస్తారు, చెప్పులు విప్పి మరీ లోపలికొస్తారు. కండక్టర్లు చేసిన పట్టిక కదా, స్టేజీల వారీగా ఛార్జీలుండే ఫేర్ టేబుల్ లాగే ఉంటుంది మరి. అన్నిటికన్నా పైన డిపో పక్క కాలేజీ, దాని కింద తర్వాతి స్టేజీ కాలేజీ, దాని కింద ఆ తర్వాతిది, అలా దూరం పెరుగుతూ పోయి అట్టడుగున పదకొండు గంటల ప్రయాణం చేస్తే వచ్చే సముద్రం ఒడ్డు కాలేజీ. ఒక్కోదాని ఎదురుగా మూడు గడులు. ఎన్ని మార్కుల దగ్గర సీట్లు ఆగిపోయాయో ఒకటి, "అచ్చు" అని ఒకటి, "నిజం" అని ఒకటి.

అచ్చుకూ నిజానికీ మధ్య ఎన్ని తమాషాలో! ఊరి మధ్యలో గేటు నుంచి మెట్లదాకా పాలరాయి పరిచిన కాలేజీ ఒకటుంది. అచ్చులో రెండు లక్షల పది వేలు. ఆ అంకె చూసి మామూలు జనం ఆ వీధిలోంచి నడవడానికే భయపడేవారు. ఒకరోజు తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టుకున్న ఒక కళ్లద్దాల పిల్ల ఆ స్టేజీలో దిగబోయింది. కండక్టరమ్మ అడ్డం నిలబడి "ఎంతొచ్చింది?" అంది. నూట ముప్ఫై ఎనిమిది అంది పిల్ల. "ఎంతయింది?" అంటే యాభై రెండు వేలంది. కండక్టరమ్మ నోరెళ్లబెట్టింది. నూట ముప్ఫై ఐదు దాటితే ముప్పాతిక ఫీజు వాళ్లే మాఫీ చేస్తారట, ఆ సంగతి అచ్చు పుస్తకంలో నలభై ఒకటో పేజీ అడుగున దోమంత అక్షరాల్లో ఉందట. ఖరీదని పారిపోయిన కాలేజీ యాభై రెండు వేలు, చవకని ఎగబడిన కాలేజీ లక్షా పద్నాలుగు వేలు! ఆ సాయంత్రం రెస్ట్ రూములో ఆ రెండు అంకెలూ ఎర్ర సిరాతో రాసి, ఎవరూ అడక్కపోయినా అందరికీ టీ పోయించింది.

ఇంత చేసిన మనిషి సొంత కూతురు ఆ మరుసటి ఏడాది ప్రవేశ పరీక్ష రాసింది. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని బుడంకాయ అని పిలిచారు, ఇప్పుడు తల్లికన్నా జానెడు పొడుగు పెరిగినా ఆ పేరు మాత్రం పోలేదు. తండ్రి లారీ మీద దేశాలు పట్టుకు తిరుగుతాడు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో కనబడితే గొప్ప. అందుకని తల్లీ కూతుళ్లిద్దరే ఒకరికొకరు. డిపో వెనక సందులో రెండు గదులు, పొద్దున ఒకరు జడ వేస్తుంటే ఒకరు టిఫిను డబ్బా మూత వెతకడం. పిల్ల మార్కులు నూట నలభై ఒకటి వచ్చాయని తెలిసిన రోజు కండక్టరమ్మ బస్సులో ఎక్కినవాళ్లందరికీ చెప్పింది, దిగినవాళ్లకు రెండోసారి చెప్పింది. ముసలాయన ఒకాయన "ఎంతమ్మా?" అని పొరబాటున అడిగి మూడు స్టేజీలు అవతల దిగాడు.

కాలేజీలు ఎంచుకునే ఫారం నింపడానికి ఆఖరి రోజు సాయంత్రం అయిదింటిదాకా గడువు. ఆ రోజు పొద్దున ఏడింటికే, డ్యూటీ ఎక్కకముందు, ఇద్దరూ నెట్ సెంటరుకు పోయారు. పన్నెండు కాలేజీలు పెట్టుకోవచ్చు. కూతురు కంప్యూటరు ముందు కూర్చుంది, తల్లి పట్టిక నకలు చేత్తో పట్టుకుని వెనక నిలబడింది.

"నేను చెప్తా, నువ్వు కొట్టు" అంది.

పై నుంచి కిందికి చదువుకుంటూ పోయింది. స్టేజీ పిలిచినట్టే పిలిచింది. పక్క కాలేజీ, మార్కెట్ దగ్గరది, పాలరాయిది, రైల్వే గేటుది... సముద్రం ఒడ్డుది దాకా పన్నెండు.

"పక్క కాలేజీ ఎందుకమ్మా, నువ్వే తిడతావు కదా" అంది కూతురు.

"ఉండనియ్యవే. మార్కులు చూసి తగిన సీటు మిషనే తీస్తుంది. నా టికెట్ మిషను చూళ్లేదా, అన్ని స్టేజీలూ లోపల ఉంటాయి, సరైనదే బయటికొస్తుంది."

కూతురికీ అది సబబుగానే తోచింది. డిపోలో పెరిగిన పిల్ల కదా. ఫారం పంపేసి, తల్లి ఫోనుకు వచ్చిన నాలుగంకెల కోడు కొట్టి, ఇద్దరూ ఘనకార్యం చేసినట్టు బయటికొచ్చారు. తర్వాత ఆమె డిపోకు పోయి, రూలు ప్రకారం ఫోను లాకర్లో పెట్టి, తాళంచెవి నడుముకు దోపుకుని బస్సెక్కింది. డ్యూటీలో కండక్టర్ల దగ్గర ఫోను ఉండకూడదు.

మధ్యాహ్నం మూడు నలభైకి ఊరి అవతలి చివర నుంచి తిరుగు ట్రిప్పు బయలుదేరింది. డిపో చేరేది అయిదూ పదికి. నాలుగో స్టేజీలో ఆ కళ్లద్దాల పిల్లే ఎక్కింది. ఇప్పుడు రెండో ఏడు చదువుతోంది, చెప్పులు కొత్తవి.

"అత్తా, బుడంకాయకి మా కాలేజీ ఎన్నో నంబరుగా పెట్టారు?"

"మూడు" అంది కండక్టరమ్మ గర్వంగా.

"మొదటిదేంటి?"

"డిపో పక్కది."

పిల్ల కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "అత్తా, తమాషా చెయ్యకు."

"తమాషా ఏంటే, స్టేజీల వరుసే కదా పెట్టేది."

"అయ్యో అత్తా! వరుస అంటే ఇష్టం వరుస! మిషను పై నుంచి చూసుకుంటూ వస్తుంది. మొదట ఏది సరిపోతే అది ఇచ్చేసి అక్కడితో ఆగిపోతుంది. పక్క కాలేజీకి అరవై మార్కులొచ్చినా చాలు. బుడంకాయ సీటు అక్కడే పడుతుంది, మిగతా పదకొండూ చూడనే చూడదు!"

కండక్టరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. లక్షా పద్నాలుగు వేలు! తాడుకు వేరే! పదకొండేళ్లు ఊరందరినీ ఆ గేటు తొక్కకండని మొత్తుకుని, సొంత కూతుర్ని తన చేత్తో, తన నోటితో, మొదటి స్టేజీలోనే దించేసింది. టికెట్ మిషను చేతిలోంచి జారి మెడలోని పట్టీకి వేలాడింది. పక్కన కూర్చున్న కూరలమ్మే పెద్దావిడ లేచి ఆమెను సీట్లో కూర్చోబెట్టింది. కండక్టరు సీట్లో కాదు, ప్రయాణికుల సీట్లో. ఆమె అలా కూర్చోవడం అంతకు ముందు ఎవరూ చూడలేదు.

"మార్చొచ్చు అత్తా, అయిదింటిదాకా మార్చొచ్చు!" అంది కళ్లద్దాల పిల్ల. "నా ఫోనులోనే మార్చేద్దాం. నీ ఫోనుకు కోడు వస్తుంది, అది చెప్పు."

"ఫోను లాకర్లో ఉందే!"

"తాళం?"

కండక్టరమ్మ నడుము తడిమి చూపించింది. ఫోను అక్కడ, తాళంచెవి ఇక్కడ, మధ్యలో ఇరవై ఏడు స్టేజీలు. టైము నాలుగు కావడానికి ఐదు నిమిషాలు.

"ఆటోలో పోవమ్మా" అన్నాడు వెనక నుంచి ఒక బట్టల కొట్టు గుమస్తా.

"బస్సును నడిరోడ్డు మీద వదిలేసి పోతే ఉద్యోగానికి నీళ్లొదులుకోవాలి" అంది. ఆమె గొంతు మొదటిసారి ఆ బస్సులో ఎవరికీ వినబడనంత చిన్నగా వచ్చింది. కళ్లద్దాల పిల్లే అందరికీ వినబడేలా మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

అందరూ డ్రైవరన్న వైపు చూశారు. ఆయన అద్దంలోంచి అందర్నీ చూశాడు. "నలభై దాటను" అన్నాడు. బస్సులో ఒక్కసారిగా "ఛ!" అని లేచింది. ఆయన గేరు మార్చి, ఆ నెలకు సరిపడా మాటలన్నీ ఒక్కసారే ఖర్చు పెట్టేశాడు. "నడిపితే కాదు లేటయ్యేది. ఆపితే. ఒక్కో స్టేజీలో ఒకటిన్నర నిమిషం నిలబడతాం, మీ చిల్లర కోసం, మీ తోపులాట కోసం. పది సెకన్లలో ఎక్కి దిగండి, నాలుగూ నలభైకి నేను డిపోలో పెడతా."

ఇక చూడాలి ఆ బస్సును! మూడు నిమిషాల్లో అదొక సైన్యం అయిపోయింది. బట్టల కొట్టు గుమస్తా ముందు గుమ్మం తీసుకున్నాడు, కాలేజీ కుర్రాళ్లు ఇద్దరు వెనక గుమ్మం. కూరలావిడ గంపలోంచి ఉల్లిపాయలు పక్కకు తోసి అందరి నోట్లకూ చిల్లర మార్చింది. ఒక్కో స్టేజీ రాకముందే, "తర్వాత రైల్వే గేటు! రైల్వే గేటు దిగేవాళ్లు గుమ్మం దగ్గరికి రండి, సంచీలు చంకన పెట్టుకోండి, ఒకటి, రెండు..." అని కుర్రాళ్లు కేకలు. బస్సు ఆగీ ఆగకముందే ఏడుగురు దిగారు, తొమ్మిది మంది ఎక్కారు, ఎక్కినవాళ్లకు ఏమైందో తెలిసేలోపు టికెట్టు చేతిలో ఉంది. తెలిశాక వాళ్లూ కేకలెయ్యడంలో కలిశారు. కండక్టరమ్మ లేచి నిలబడి టికెట్లు కొడుతోంది, వేళ్లు మిషను మీద వడగళ్లు పడ్డట్టు పడుతున్నాయి. ఆ రోజు మాత్రం ఎవర్నీ ఎంతొచ్చిందని అడగలేదు.

కళ్లద్దాల పిల్లకు ఇంకో ఆలోచన వచ్చింది. బస్సు లోపల తలుపు పైన ఎర్ర రంగుతో "సిబ్బందిపై ఫిర్యాదులకు" అని రాసి ఒక నంబరుంది. దానికి కొట్టింది. డిపో కంట్రోలరు ఎత్తాడు.

"ఫిర్యాదా?"

"కాదండీ, బుడంకాయ కావాలి!"

"కూరగాయల మార్కెట్ కాదమ్మా ఇది, డిపో" అని పెట్టేశాడు.

మళ్లీ కొట్టింది. ఈసారి కండక్టరమ్మ ఫోను లాక్కుని, "సార్, నేను సార్, మా పిల్లని పిలిపించండి సార్, మీ కంప్యూటరు తెరిచి ఉంచండి సార్, కొంప మునిగింది సార్!" అంది. కంట్రోలరు తన ఇద్దరు పిల్లల్నీ ఆ గోడ మీద పట్టిక చూసే చేర్పించాడు. డ్యూటీలో ఫోనెక్కడిదని అడగాల్సింది, అడగలేదు. "రెండు నిమిషాల్లో ఇక్కడ ఉంటుంది" అన్నాడు.

మార్కెట్ స్టేజీలో గొడుగుతో ఒక లావుపాటి పెద్దాయన తీరిగ్గా ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి, "ఈ బస్సు ఆసుపత్రికి పోతుందా, పోదా?" అని మొదలుపెట్టాడు. గుమస్తా ఆయన్ను గొడుగుతో సహా ఎత్తి లోపల పెట్టాడు. "పోతుంది బాబాయ్, కానీ ముందు మా పిల్ల కాలేజీకి పోతుంది" అన్నాడు. బస్సంతా గొల్లుమంది. కండక్టరమ్మ కూడా నవ్వింది, నవ్వుతూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. 'మా పిల్ల' అన్నాడు చూడండి, ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది.

నాలుగూ నలభై మూడుకు బస్సు డిపోలోకి తిరిగింది. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో డ్రైవరన్న టైముకన్నా ముందు రావడం అదే మొదలు. గేటు వాచ్‌మన్ గడియారం తీసి ఊపి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కండక్టరమ్మ బ్రేకు పడకముందే దూకింది. వెనకే కళ్లద్దాల పిల్ల, గుమస్తా, కూరలావిడ, ఆసుపత్రి స్టేజీ దాటిపోయినా ఏమవుతుందో చూద్దామని దిగకుండా వచ్చేసిన గొడుగు పెద్దాయన.

లాకరు తెరిచింది, ఫోను తీసింది. రెస్ట్ రూములో సిగ్నలు బల్ల మీదెక్కితేనే వస్తుంది, కాబట్టి ఆ భారీ మనిషి బల్ల ఎక్కింది. నలుగురు బల్లను పట్టుకున్నారు. కంట్రోలరు గది, రెస్ట్ రూము మధ్య తలుపు తెరిచి ఉంది. కంప్యూటరు ముందు బుడంకాయ కూర్చుని ఉంది, పరిగెత్తుకొచ్చినట్టుంది, జడ సగమే వేసుకుని ఉంది.

"ఏడు, రెండు, సున్నా, నాలుగు!" అని అరిచింది కండక్టరమ్మ బల్ల మీద నుంచి.

ఫారం తెరుచుకుంది. తెర మీద పైనే పెద్ద అక్షరాల్లో "మీ ఇష్టం వరుసలో" అని ఉంది. పొద్దున ఇద్దరి కళ్లకూ అది కనబడలేదు, ఏం చెప్పమంటారు.

"పక్కది తీసెయ్! పాలరాయిది మొదట పెట్టు, యాభై రెండు వేలు, మార్కులు సరిపోయాయి, ఇంటి నుంచి ఇరవై నిమిషాలు. కొట్టు కొట్టు!"

బుడంకాయ కొట్టలేదు. కుర్చీలో వెనక్కి తిరిగింది.

"అమ్మా, ఇష్టం వరుస అంటే నా ఇష్టమేనా?"

"మరి ఎవరిదే?"

"అయితే చివరిది మొదట పెట్టనా?"

చివరిదంటే సముద్రం ఒడ్డుది. కండక్టరమ్మ బల్ల మీదే నిలబడిపోయింది. పట్టిక మొత్తం ఆమెకు నోటికి వచ్చు. నూట ముప్ఫై ఎనిమిది దగ్గర ఆగింది, అచ్చు ముప్ఫై వేలు, నిజం హాస్టలుతో కలిపి ముప్ఫై ఆరు. ఎదుటివాళ్లకైతే కళ్లు మూసుకుని పోండని చెప్పేది. సొంత పిల్లకు ఆ వరుస చదివేటప్పుడు మాత్రం పన్నెండు గడులూ నింపేద్దామని చదివింది.

"అక్కడేముందే?"

"పడవలు కట్టడం నేర్పుతారమ్మా. ఓడలు, పడవలు. రాష్ట్రం మొత్తంలో అక్కడొక్కచోటే ఉంది. నువ్వే రాశావు, గడి పక్కన చిన్నగా."

"బస్సులో పెరిగిన దానివి, పడవలేంటే!"

"బస్సులో నాకు వాంతులవుతాయి కదమ్మా."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. కండక్టర్ల డిపోలో అంతకన్నా పెద్ద రహస్యం లేదు, అందరికీ తెలిసిన రహస్యం. "పడవలో కావా?" అంది తల్లి.

"ఎక్కితే కదా తెలిసేది. కట్టడానికి ఎక్కక్కర్లేదు కూడా."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం?"

"నువ్వు అడగలేదు కదా" అంది పిల్ల. నిష్ఠూరంగా కూడా అనలేదు, ఉన్న మాట అన్నట్టు అంది.

పదకొండేళ్లలో ఎన్ని వేల మంది పిల్లల్ని ఎంతొచ్చింది, ఎంతయింది అని అడిగిందో లెక్క లేదు. ఏం కావాలి అని ఒక్కర్నీ అడగలేదు, ఇంట్లో పిల్లతో సహా. ఆ సంగతి బల్ల మీద నిలబడి ఉండగా, అంత మంది కింద నుంచి చూస్తూ ఉండగా తెలిసింది ఆమెకు, సిగ్గేసింది. దానికన్నా ముందు ఇంకోటి తెలిసింది. పదకొండు గంటలు. పొద్దున జడ వెయ్యడానికి ఎవరూ ఉండరు. ఆమెకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఈ వెధవ పిల్ల ఎంత ఎత్తు ఎదిగిందని పొంగిపోయింది కూడా, మూడూ ఒక్కసారే.

"నాలుగూ యాభై ఒకటి" అన్నాడు కంట్రోలరు మెల్లిగా.

కండక్టరమ్మ బల్ల దిగింది. కంప్యూటరు దగ్గరికి పోయి కూతురి చేతి మీద చెయ్యి వేసి, పన్నెండో వరుసలో ఉన్న సముద్రం ఒడ్డు కాలేజీని ఒక్కో మెట్టూ పైకి జరిపింది. పదకొండు, పది, తొమ్మిది... ఒక్కో నొక్కుకూ వెనక గుంపు అంకె పలికింది. ఒకటి దగ్గరికి వచ్చేసరికి గుమస్తా, కూరలావిడ, గొడుగు పెద్దాయన అందరూ కలిసి, "ఒకటీ!" అని అరిచారు. దాని కింద పాలరాయిది పెట్టారు. పక్క కాలేజీని కుడి చేత్తో కాకుండా ఎడం చేత్తో తీసేసింది, కసి తీరేలా. ఇంకో కోడు, మళ్లీ బల్ల, మళ్లీ అరుపు. నాలుగూ యాభై ఆరుకు ఫారం పోయింది. డ్రైవరన్న గుమ్మంలో నిలబడి చూశాడు. "బండి దగ్గర తర్వాతి ట్రిప్పు ప్రయాణికులు ఎదురుచూస్తున్నారు" అని మాత్రం అన్నాడు. కానీ మీసాల కింద నవ్వుతున్నాడని అందరూ చూశారు.

పన్నెండు రోజులకు సీట్లు వచ్చాయి. ఆ ఏడు సముద్రం ఒడ్డున నూట నలభై దగ్గర ఆగిపోయాయి. ఒకే ఒక్క మార్కు మిగిలింది! ఆ ఒక్క మార్కును బస్సులో ముప్ఫై ఒక్క స్టేజీలూ చెప్పిందామె. ఈసారి దిగినవాళ్లు కూడా విసుక్కోలేదు.

చేరే రోజు దొరికిన డిపో బస్సు సగం దారిదాకానే పోయింది. ఆ తర్వాత వేరే కంపెనీ బస్సులు, అక్కడ ఆమె స్టాఫ్ పాసు చెల్లదు. తల్లీ కూతుళ్లు ట్రంకు పెట్టె, బొంత, ఒక బకెట్టు పట్టుకుని ఎక్కారు. కిటికీ పక్కన కూర్చున్న బుడంకాయ బస్సు కదలకముందే నిమ్మకాయ వాసన చూడటం మొదలుపెట్టింది. కండక్టరు వచ్చాడు, సన్నటి మనిషి, చెవి వెనక పెన్ను. మామూలుగా అయితే అతని రూటులో కాలేజీలెన్నో ఆరా తీసేది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు.

పంతొమ్మిదేళ్లుగా రోజూ తను అడిగే మాట, తనను ఎవరూ అడగని మాట. పక్కన పిల్ల మోచేత్తో పొడిచింది.

"చివరి స్టేజీ. రెండు కొట్టు, తమ్ముడూ."

"రానూపోనూ కలిపి తీసుకుంటే తగ్గుతుందమ్మా. రెండూ రానూపోనూ కొట్టనా?"

"వద్దు" అంది కండక్టరమ్మ. "ఒకటే రానూపోనూ. ఒకటి పోవడానికే."